చెవుల్లో రాట్నం తిరిగితే మందు ఆపండి

మా వీధి మలుపులో మందుల షాపు ఉంది. అందులో కొత్తగా చేరిన అమ్మాయి మొన్న నాకొక చిన్న సీసా చూపించింది. ముఖానికి రాసుకునే యాసిడట. “పాత తోలంతా ఊడిపోయి కొత్త తోలు వస్తాది తాతా” అంది, సబ్బుబిళ్ళ అమ్మినంత తేలిగ్గా. ఎవరికి, ఎక్కడ, ఎంత, ఎన్నాళ్ళు అని అడిగాను. సీసాను అటూ ఇటూ తిప్పి, “అన్నీ దీని మిందనే రాసుంటారులే తాతా” అంది. నాకు ఒళ్ళు మండింది. ఇంటికి వచ్చి ఈ కాగితాలు ముందేసుకున్నాను.

నేను ఆదోనిలో కాంపౌండరుగా బతికినవాణ్ణి. చేరినప్పుడు ఇరవై రెండేళ్ళు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఎవరి దగ్గర ఎన్నేళ్ళు చేశానో, ఏ సర్టిఫికెట్టు ఎప్పుడు వచ్చిందో మీకు అక్కరలేదు. నేను నా చేతులతో కలిపిన ఒక పూతమందు గురించి చెబుతాను. దాని వల్ల ఒక పిల్ల ప్రాణం మీదికి వచ్చింది. తప్పు డాక్టరుది కాదు, నాది.

బంక వదిలించే మందు

ముందు మందు సంగతి. సాలిసిలిక్ యాసిడ్ అంటే సీసాలో సలసలా కాగే నీళ్ళు అనుకోకండి. అది తెల్లటి పొడి, దూది నలుసంత తేలిక. మూత తీస్తే చాలు, ముక్కులోకి పోయి తుమ్ములే తుమ్ములు. దాన్ని రాతిపలక మీద పోసి, మెత్తటి పారఫిన్ (వాసెలిన్) ముద్దలో కొంచెం కొంచెంగా కలుపుతూ, వెడల్పాటి కత్తితో రుద్దాలి. వేలితో తాకితే ఇసుక రేణువు తగలకూడదు. తగిలిందా, మా డాక్టరు డబ్బా మొత్తం నా ముందే కుప్పతొట్టిలో బోర్లించేవాడు.

అది చర్మాన్ని కాల్చదు. చాలామంది డాక్టర్లకు కూడా ఈ మాట సరిగ్గా తెలియదు. మన ఒంటి మీద పైకి కనిపించేదంతా చచ్చిన పొర. సినిమా టాకీసు గోడ మీద కాగితం మీద కాగితం మైదా బంకతో అంటిస్తారు చూడండి, అట్లా ఉంటుంది. మంచి ఒంట్లో అడుగున కొత్త కాగితం పుడుతూ ఉంటే పైది తనంతట తానే రాలిపోతుంది. కొందరికి రాలదు. బంక గట్టిపడి, పొర మీద పొర పేరుకుపోతుంది. యాసిడ్ చేసే పని ఆ బంకను నానబెట్టడమే. అప్పుడు కాగితాలు అంచులు లేచి చుట్టలు చుట్టుకుని ఊడిపోతాయి. గోడకు ఏమీ కాదు.

కానీ ఎంత వేశామన్నది లెక్క. గ్రెయిను అంటే గోధుమగింజ ఎత్తు. ఔన్సు ముద్దకు పది గ్రెయిన్ల పొడి వేస్తే తలలో చుండ్రు రాలుతుంది. ముప్పై వేస్తే మందం పడ్డ అరికాలు మెత్తబడుతుంది. ఇంకా చాలా చిక్కగా పట్టీ చేసి పెడితే ఆనెకాయ వేరుతో సహా పైకి లేస్తుంది. పత్తి మిల్లులో బేళ్ళు మోసే మనిషికొకడికి అట్లాంటి పట్టీ ఇచ్చాను. నొప్పి పక్క వేలికి కూడా ఉందని రెండు వేళ్ళకూ కలిపి చుట్టుకున్నాడు. మంచి వేలు తెల్లగా ఉబ్బి, వారానికి దాని తోలు తొడుగులాగా ఊడి వచ్చింది. వాడు దాన్ని అగ్గిపెట్టెలో పెట్టుకుని తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. గోరు ఒక్కటే లేదు. “ఇది నాదేనా అప్పా?” అని అడిగాడు.

దీనికి ఇంకొక గుణం ఉంది. పొర దాటి లోపలికి పోతుంది. కొంచెం చోట రాస్తే ఒళ్ళు దాన్ని అరిగించుకుంటుంది. ఒళ్ళంతా రాస్తే నెత్తుట్లో చేరుతుంది. కీళ్ళవాతం జ్వరానికి ఇదే జాతి ఉప్పును మేము నీళ్ళలో కలిపి తాగించేవాళ్ళం. అది తాగే ప్రతి మనిషినీ డాక్టరు మంచం పక్కన నిలబడి ఒకటే ప్రశ్న అడిగేవాడు. “చెవుల్లో ఏమన్నా మోగుతాందా?” మోగుతోందంటే మోతాదు తగ్గించేవాడు. ఆ ప్రశ్న నేను కొన్ని వందలసార్లు విన్నాను. విన్నానంతే.

గౌరి

ఎమ్మిగనూరు నుంచి ఈరమ్మ అనే ఆవిడ కూతుర్ని తీసుకుని వచ్చింది. మగ్గం నేసే ఇల్లు. పిల్ల పేరు గౌరి, పద్నాలుగేళ్ళు ఉంటాయి. ఎండాకాలంలో కూడా నిండా చేతుల రవిక వేసుకుని, పైట మెడ దాకా చుట్టుకుని కూర్చుంది. డాక్టరు చెయ్యి చాపమన్నాడు. చేప పొలుసులే. ముదురు రంగు, అంచులు లేచిన పలకలు. మోకాళ్ళు, మోచేతులు, వీపు అన్నీ అంతే. అరచేతులు బీటలు పడి గరుకుగా ఉన్నాయి.

“పుట్టుకతోనే ఇంతే సామీ” అంది ఈరమ్మ. “నలుగురు నాలుగు మాటలంటారు, అనుకోనీ. దీని బాధ అది గాదు. దారం ముట్టుకోలేదు.”

మగ్గాల ఇంట్లో పిల్లలు చేసే మొదటి పని రాట్నం తిప్పి కండెలు, అంటే నేతకు కావాల్సిన నూలు గొట్టాలు, చుట్టడం. గౌరి వేళ్ళు తగిలితే నూలు చిక్కుకుని తెగిపోయేది. అందుకని వాళ్ళ నాయన పగలంతా నేసి, మళ్ళీ కూతురు వంతు కండెలు కూడా తానే చుట్టుకునేవాడట. ఆ సంవత్సరం ఆయన పోయాడు. రాట్నాన్ని గోడకు తగిలించేశారు.

“నేను కండెలు సుట్టాల సామీ” అంది గౌరి. ఆ పిల్ల ఆ రోజు మాట్లాడిన మాట అదొక్కటే.

డాక్టరు చీటీ మీద రాశాడు. ముప్పై గ్రెయిన్ల పూత, అరచేతులకు, అరికాళ్ళకు మాత్రమే, చిటికెడు, కడిగిన తర్వాత. నేను డబ్బా నింపి ఈరమ్మ చేతికిచ్చాను. బయట ఇరవై మంది నిలబడి ఉన్నారు. చీటీలో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాలి కదా? వినిపించలేదు. “యాడ గట్టిగా ఉంటే ఆడ రాయమ్మా” అన్నాను. ఆ పిల్లకు గట్టిగా లేని చోటు ఎక్కడుంది?

నాలుగో డబ్బా

నెలకు సరిపోవాల్సిన డబ్బాకు ఈరమ్మ పది రోజులకే వచ్చింది. మొహం వెలిగిపోతోంది. “అప్పా, రాట్నం దించినాం, దారం తెగలేదు! మూడు కండెలు సుట్టింది!” అని నా చెయ్యి పట్టుకుంది. కొంగుముడి విప్పి ఒక ఆకు పొట్లం బల్ల మీద పెట్టింది. తెరిచి చూస్తే అరికాలి తోలు. మడమ, గుంట, ఐదు వేళ్ళ గుండ్రాలు, అన్నీ ఉన్నాయి. మనిషి ఒక్కటే లేదు. ఫ్యాను గాలికి అది కొంచెం కదిలింది. ఎవరి కంటా పడకుండా ఊడిన తోలంతా మూటగట్టి దూలానికి చెక్కి పెడుతున్నానని చెప్పింది. బయట పారేస్తే ఎవరైనా ఏమైనా చేస్తారని భయం.

నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. రెండో డబ్బా ఇచ్చాను. వారానికి మూడోది. డాక్టరుతో చెప్పలేదు. ఎందుకు చెప్పాలి, మందు పనిచేస్తోంది కదా అనుకున్నాను. ఐదు రోజులకే నాలుగో డబ్బాకు వచ్చింది. ఈసారి మొహంలో వెలుగు లేదు.

మెట్టు దిగుతూ ఆగి, వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి అడిగింది. “అప్పా, రాట్నం మళ్ళ గోడకే తగిలిచ్చినా. ఎవురూ ముట్టుకోలే. కానీ తిరుగుతాంది అంటాది బిడ్డ. వాళ్ళ నాయన సుడతాండాడంట. నాకు వినపడదు, దానికే వినపడతాది. అట్ల ఎందుకుంటాదప్పా?”

నేను నవ్వాను. “నాయన మీద బెంగలేమ్మా” అన్నాను. డబ్బా చేతికిచ్చి పంపించాను.

నా వృత్తిలో నేను చేసిన తప్పులు చాలా ఉన్నాయి. ఆ నవ్వంత పెద్ద తప్పు ఇంకొకటి లేదు.

ఆ సాయంత్రం కీళ్ళవాతం జ్వరంతో ఉన్న ఒక మనిషికి మందు తాగిస్తున్నాను. డాక్టరు వచ్చి రోజూ లాగే అడిగాడు. “చెవుల్లో ఏమన్నా మోగుతాందా?” ఆ మనిషి, “ఔ సామీ, రాట్నం తిప్పినట్ల గుయ్యిమంటాది” అన్నాడు.

గ్లాసు నా చేతిలోంచి జారి పగిలింది. డాక్టరుకు అంతా చెప్పేశాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. “ఎన్ని డబ్బాలు?” అని అడిగాడు. నాలుగన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “తెల్లారి మొదటి బస్సుకు పో. సబ్బుతో అంతా కడుగు. నీళ్ళు తాగించు. ఇక్కడికి తీసుకురా. ఊపిరి ఎట్లా తీస్తోందో చూసుకో. జాగు చేస్తే దక్కదు” అన్నాడు.

అమావాస్య పొద్దున

ఆ వీధిలోకి ఏ రోజు పోయినా ముందు మగ్గాల చప్పుడు ఎదురొస్తుంది. ఆ రోజు ఏమీ లేదు. అమావాస్య. ఆ వీధిలో అమావాస్యనాడు ఎవరూ మగ్గం ఎక్కరు, రాట్నం ముట్టుకోరు. పడుగు దారాలు సాగదీసి గంజి పెట్టే గుంజలు వీధి పొడవునా ఉత్తగా నిలబడి ఉన్నాయి. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి, మనుషులూ ఉన్నారు. ఒక్క చప్పుడు లేదు. నా చెప్పుల శబ్దం నాకే ఇబ్బందిగా అనిపించి మెల్లగా నడిచాను.

గౌరి, నేసేవాళ్ళు కాళ్ళు దించుకుని కూర్చునే మగ్గం గుంట అంచున ఉంది. ఒంటికి తడి పంచె చుట్టారు. మొహం మీది పొర తెల్లగా చిట్లి, సందుల్లోంచి ఎర్రటి కొత్త తోలు కనిపిస్తోంది. కూర్చున్న చోటే పరిగెత్తిన దానిలాగా, లోపలి నుంచి లోతుగా ఊపిరి తీస్తోంది. నన్ను చూసి నవ్వింది. పెదవి చీలింది. ఆ పిల్లకు అది తెలిసినట్టు లేదు.

“వచ్చినావా అప్పా” అంది పెద్దగా, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు. “నాయన సుడతాండాడు, సూడు.”

గోడ వైపు చూశాను. రాట్నం మేకుకు వేలాడుతోంది. చక్రం కదలడం లేదు. అయినా రెండోసారి చూశాను. ఒట్టు, రెండోసారి చూడకుండా ఉండలేకపోయాను.

“మందు ఎట్లా రాసినారమ్మా?” అని అడిగాను. ఈరమ్మ మూల నుంచి ఒక కుంచె తెచ్చింది. పడుగుకు గంజి పట్టించే పెద్ద కుంచె. దాని పీచుల నిండా నా పూతమందు మెరుస్తోంది.

“కొబ్బరినూనెలో కరిగించి, బిడ్డను సేతులు సాపి నిలబెట్టి, నెత్తి నుంచి కాలిదాకా. ఒక్క పోగు ఇడిసినా పడుగు తెగుతాది గదప్పా? అట్లనే ఒక్క సోటు గూడ ఇడసలే. ఆరిపోకుండా తడిగుడ్డ సుట్టినా. మాపూ పొద్దునా రెండు తూర్లు.”

పాపం, ఇంతకన్నా శ్రద్ధగా ఎవరు చేస్తారు? తనకు తెలిసిన పనిని తెలిసినట్టు చేసింది. తడిగుడ్డ చుడితే మందు ఇంకా లోపలికి దిగుతుందని ఆమెకు ఎవరు చెప్పాలి? నేను చెప్పాలి.

నీళ్ళు పెట్టమన్నాను. గుమ్మంలో ఒక పెద్దమనిషి చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఆయన బసప్ప, చనిపోయిన తండ్రికి అన్న. “కడగద్దు” అన్నాడు. “నా తమ్ముడు బిడ్డకోసరం వచ్చినాడు. పాత తోలు ఇడిపించి తీస్కపోతాండాడు. అడ్డమొస్తే ఇంగొకర్ని గూడ తీస్కపోతాడు. నువ్వు పో అప్పా.”

“వచ్చింది మీ తమ్ముడు గాదు. నేను” అన్నాను. “నా మందు ఆ పిల్ల నెత్తుట్లో చేరింది. ఆ చప్పుడు మందుది.”

“మందుకు నోరుంటాదా?” అన్నాడు. చేతులు దించలేదు. ఆయన కళ్ళల్లో కోపం లేదు, భయం ఉంది. వెనక గౌరి ఊపిరి వినిపిస్తూనే ఉంది.

నాకు ఆ క్షణాన ఎట్లా తోచిందో ఇప్పటికీ తెలియదు. “మీ తమ్ముడు కండె నిండితే ఏం చేస్తాడు?” అని అడిగాను.

“ఏం జేస్తాడు, రాట్నం ఆపి ఇంగో కండె ఎక్కిస్తాడు.”

“అయితే బిడ్డను అడుగు. రాట్నం ఎప్పుడన్నా ఆగుతాందా అని అడుగు.”

బసప్ప గుంట దగ్గర వంగి, పిల్ల చెవిలో అరిచినట్టు అడిగాడు. గౌరి కాసేపు తల వంచుకుని వింది.

“ఆగదు పెద్దనాయనా” అంది. “మూడు దినాల నుంచి తిరుగుతానే ఉంది. కండె మార్సనే మార్సదు.”

బసప్ప లేచి నిలబడ్డాడు. గోడకున్న రాట్నాన్ని చూశాడు. ఆయన మొహం అప్పుడెట్లా పాలిపోయిందో నేను మర్చిపోలేను. తమ్ముడు వచ్చాడనుకున్నప్పుడు కూడా అంత బెదిరిపోలేదు. “కండె మార్సకుండా సుట్టేది మనిషి గాదు” అని గొణిగి, గుమ్మం వదిలి, తానే బావి నుంచి బిందె తెచ్చాడు.

పెరట్లో కూర్చోబెట్టి సబ్బుతో కడిగాము. చెయ్యి తగిలిన చోటల్లా పొరలు లేచి నీళ్ళలో కొట్టుకుపోయాయి. గౌరి నా మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళు పసిపిల్ల వేళ్ళంత నున్నగా, వేడిగా ఉన్నాయి.

“కడగద్దప్పా. కడిగితే నాయన పోతాడు.”

ఈరమ్మ చెంబు కింద పెట్టి గోడ వైపు తిరిగి ఏడ్చింది. నేను ఆ చెంబు తీసుకుని పోశాను. ఏం చేయమంటారు? పోశాను.

మూడో రోజు

ఆదోనికి తీసుకొచ్చాక డాక్టరు సెలైను, సోడా ఉప్పు ఎక్కించాడు. రెండు రోజులు ఆ పిల్ల ఊపిరి లెక్కపెడుతూ పక్కనే కూర్చున్నాను. మూడో రోజు పొద్దున కళ్ళు తెరిచి, గదంతా చూసి, “ఆగిపాయె” అంది. అంతే. వెక్కి వెక్కి ఏడ్చింది. ప్రాణం దక్కిందని ఈరమ్మ నాకు దండం పెట్టబోతే, నేను లేచి వరండాలోకి పోయాను.

డాక్టరు నన్ను పనిలోంచి తీసేయలేదు. ఒక మాట మాత్రం అన్నాడు. “డబ్బా ఖాళీ అయిందంటే మందు ఎక్కడికో పోయింది. ఎక్కడికి పోయిందో అడగనివాడు డబ్బాలు నింపేవాడే గానీ కాంపౌండరు కాదు.” ఆయన నోటి దురుసు మనిషి, రోగుల మీద కూడా అరిచేవాడు. ఆ గుణం నాకెప్పుడూ నచ్చలేదు. ఆ మాట మాత్రం నేను చనిపోయేదాకా నాతో ఉంటుంది.

ఆ చర్మవ్యాధి పోయేది కాదు. నెలకు పొలుసులు మళ్ళీ వచ్చాయి. ఈసారి డాక్టరు ఒంటికి పుల్లమజ్జిగ పట్టించి, కడిగి, నూనె రాయమన్నాడు. మజ్జిగలో ఉన్న పులుపు కూడా యాసిడే, కానీ సాధువు. పొరకు నీళ్ళు పట్టించి మెత్తబరుస్తుంది. ఇప్పుడు సీసాల మీద పండ్ల యాసిడ్, పాల యాసిడ్ అని రాసేవి దీని చుట్టాలే. పూతమందు అరచేతులకే, చిటికెడు, నా ఎదుట. ఆ చేతులతో గౌరి కండెలు చుట్టింది, తర్వాత మగ్గం ఎక్కింది.

కొన్నేళ్ళకు ఎమ్మిగనూరు పోయినప్పుడు వాళ్ళింటికి వెళ్ళాను. గుంటలో కూర్చుని నేస్తోంది. చేతులు పొలుసులే, వేళ్ళ కొసలు మాత్రం నున్నగా ఉన్నాయి. కాఫీ ఇచ్చింది. నేను లేవబోతుంటే, వాళ్ళమ్మ వినకుండా అడిగింది.

“అప్పా, ఆ డబ్బా ఒగటి ఇస్తావా? ఒక్క దినానికే. నాయన కండె మార్సకపోయినా పర్వాలే.”

నేను కసిరాను. చావాలని ఉందా అని నోటికొచ్చినట్టు తిట్టి వచ్చేశాను.

ఈ మధ్య నాకు మోకాళ్ళ నొప్పులకు మాత్రలు ఇచ్చారు. ఆ యాసిడ్ జాతివే. పోయిన వారం మధ్యాహ్నం అన్నం తిని కూర్చుంటే చెవుల్లో మొదలైంది. సన్నగా, దూరంగా, ఆగకుండా. నాకు తెలుసు అదేమిటో. ప్రపంచంలో నాకన్నా బాగా ఎవరికి తెలుసు? వెంటనే డాక్టరుకు ఫోను చేసి మాత్ర మానేయాలి. చేశాను కూడా.

వెంటనే మాత్రం చేయలేదు. మా ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఆమె మధ్యాహ్నంపూట కుట్టుమిషను తొక్కేది. పొద్దు గుంకేదాకా ఫోను పక్కన పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఆమె దారం తెగినా, బట్ట తిప్పినా ఆపేది. ఇది ఆగలేదు. ఆగదని తెలిసీ విన్నాను.

గౌరికి ఆ డబ్బా ఇప్పుడైనా ఇవ్వను. కానీ ఆ రోజు కసరకుండా ఉండాల్సింది.